సంతకానికి ముందు

నా భార్య రమాబాయి పోయింది ఒక బుధవారం పొద్దున, నల్లా నీళ్ళు వచ్చే వేళ. మూడు రోజుల ముసురు తరువాత ఆ రోజే ఎండ కాసింది. బిందెతో నల్లా దగ్గర నిలబడి ఉండగా మా ఇంటికి, పక్క రెండిళ్ళకు ఉన్న వెనక గోడ ఒరిగి ఆమె మీద పడింది. నేను బడిలో హాజరు పిలుస్తున్నాను. వచ్చేసరికి పక్కింటి మేస్త్రీ కళావతి చేతులతో మట్టి తోడుతోంది. ఇంటి యజమాని నందకిశోర్ గేటు దగ్గర నిలబడి, ఖాళీ చేయమని తాను ముందే చెప్పానని అందరికీ వినిపించేలా అంటున్నాడు.

లాల్‌దర్వాజా సందులో ఒకే ఆవరణలో పద్దెనిమిది ఇళ్ళు. అందరం కిరాయిదారులమే. గోడ బాగు చేయించమని నందకిశోర్‌ను ఎనిమిదేళ్ళు అడిగాం. చేయించలేదు, మమ్మల్ని చేసుకోనివ్వలేదు. బోనాలకు ముందు సున్నం వేసుకోవడానికి మాత్రం అడ్డు చెప్పేవాడు కాదు. ఏటా పగులు మీద మేమే సున్నం పూశాం. ఆ ఏడు రమాబాయి నీలిమందు కలిపి రెండు పూతలు వేసింది. పగులు కనబడలేదు.

ఆరు నెలలు టార్పాలిన్ కట్టుకుని ఉన్నాం. అప్పుడు శిథిల భవనాల బిల్లు వస్తోందని తెలిసింది. మా సందులోనే ఉండే డిగ్రీ విద్యార్థిని రచన దాని ప్రతి సంపాదించి, రామలింగయ్య కిరాణా కొట్టు ముందు అందరికీ చదివి వినిపించింది. ఇల్లు శిథిలమని అధికారి రాస్తే పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి. కిరాయిదారుకు తిరిగి వచ్చే హక్కు లేదు. నోటీసు వచ్చాక మరమ్మతు చేస్తే ఆరు నెలల జైలు. బిల్లు ఎందుకు తెస్తున్నారో చివరి పేజీలో ఉంది. పాతనగరంలో గోడ కూలి ఒక గృహిణి మరణించినందున, అని. రచన అక్కడ ఆగి నా వైపు చూసింది. చదవమన్నాను.

బిల్లు సభలో పెట్టేది మంగళవారం. ఆ రోజే అందరం అసెంబ్లీకి పోయి అడ్డం కూర్చుందామంది కళావతి. నేను వద్దన్నాను. ఇరవై రెండేళ్ళుగా తొమ్మిదో తరగతికి ఈ పాఠం చెబుతున్నాను. మొదటి రోజు బిల్లును ప్రవేశపెడతారు, అంతే. తరువాత ఒక్కో సెక్షన్ మీద చర్చ, సవరణలు, కావాలంటే సభ్యుల కమిటీకి పంపడం. ఆ తరువాతే ఓటు. ఆ పైన శాసన మండలి, గవర్నరు సంతకం, గెజిట్. చర్చ గురువారమని కాగితంలో ఉంది. ఆ రోజుకు గ్యాలరీ పాసులు ఆరు దొరికాయి. అంతలోపు మన సవరణలు రాసి సభ్యులకు అందిద్దాం అన్నాను.

"సారూ, గోడ గూడ గిట్లనే మెట్లు మెట్లుగ కూలిందా?" అంది కళావతి.

అయినా చివరికి నా మాటే నెగ్గింది. చదువు చెప్పేవాడి మాట కదా.

మంగళవారం ఇంటర్వెల్‌లో రచన ఫోన్ చేసింది. మంత్రి బిల్లు పెట్టి, నిబంధనలు సడలించి ఇప్పుడే చర్చకు తీసుకోవాలని కోరాడట. ప్రతిపక్షం వేరే గొడవలో బయటికి పోయిందట. పంతొమ్మిది సెక్షన్లూ ఒక్క ఊపులో చదివారు. అవునన్న వాళ్ళదే పైచేయి అన్నారు. నేను గడియారం చూసుకున్నాను. అంతా పదిహేడు నిమిషాల్లో అయిపోయిందట. బుధవారం మండలి కూడా ఒప్పుకుంది. గురువారం ఆరు పాసులూ నా జేబులోనే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం కొట్టు ముందు అందరూ చేరారు. తప్పు నాదని చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు, తిట్టలేదు. నందకిశోర్ సేట్‌తో మాట్లాడుకుంటే మంచిదన్నాడు రామలింగయ్య. కొత్త బిల్డింగ్‌లో దుకాణానికి ఒక షట్టర్ అయినా ఇస్తాడని అతని ఆశ.

"నీకు షట్టర్ ఇస్తడే అన్నా. నాకేమిస్తడు, మెట్లు ఊడ్చే పనా?" అంది కళావతి.

నవ్వారు. రామలింగయ్య తల దించుకున్నాడు. అప్పుడు రచన అడిగింది.

"సార్, గవర్నర్ సంతకం ఇంకా కాలే గదా. ఇప్పుడు గోడ కట్టుకుంటే అది నేరమా?"

పాఠం అంతా మనసులో మళ్ళీ తిరగేశాను. సంతకం కానంత వరకు అది కాగితమే. దాని కింద నోటీసు రాదు, జైలు లేదు.

"కాదు," అన్నాను.

"మరి గోడ గట్టిగ నిలబడి ఉంటే శిథిలమని ఎట్ల రాస్తరు?"

ఆదివారం పొద్దున కళావతి గోడ కూలిన చోట వరస కోసం దారం కట్టింది. రామలింగయ్య తన బండి మీద నాలుగు బస్తాల సిమెంటు తెచ్చి దించాడు. కాలేజీ పిల్లలు ఇసుక జల్లించారు. యాకుత్‌పురా నుంచి పిలవకుండానే ముగ్గురు మేస్త్రీలు వచ్చారు, తమ గల్లీలోనూ అధికారులు కొలతలు తీసుకుపోతున్నారని చెప్పారు. నేను ఆ రోజు, తరువాత రెండు రోజులు బడికి సెలవు పెట్టి ఇటుకలు అందించాను. రమాబాయి పడిన చోట పునాది తవ్వేటప్పుడు కళావతి నన్ను నీళ్ళు తెమ్మని పంపింది. ఎందుకో తెలిసి వెళ్ళాను.

మూడో రోజుకు గోడ తలెత్తు దాటింది. అప్పుడు నందకిశోర్ వెనక పోలీసు జీపు వచ్చింది. ఏ చట్టం కింద ఆపుతున్నారని ఎస్సైని అడిగాను.

"స్టేషన్‌ల చెప్తం సార్. మేస్త్రీ ఎవరు?"

కళావతి తాపీ కడిగి రచన చేతికిచ్చింది. "నేనే. ఆ దారం తియ్యకుండ్రి, గోడ వంకర పోతది," అని జీపెక్కింది.

ఇద్దరు కానిస్టేబుళ్ళు గేటు దగ్గర మిగిలారు. పద్దెనిమిది ఇళ్ళ వాళ్ళూ గోడకు, వాళ్ళకు మధ్య నిలబడ్డారు. ముందు నిలబడింది రామలింగయ్య. రచన ఒక ఇటుక పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. మేస్త్రీల్లో ఒకతను సరిచేశాడు.

పాతనగరంలో కిరాయి ఇళ్ళలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పదిహేడు నిమిషాల గురించి నేను మీకు ముందే చెప్పి ఉండాల్సింది. కళావతికి ఇంకా బెయిలు రాలేదు. గవర్నరు సంతకం ఏ రోజైనా కావచ్చు. గోడ ఇంకా నాలుగు వరుసలు కట్టాలి.