గాజులు తొడిగే చేయి

అనంతపురంలో మా ఆసుపత్రి మానసిక విభాగంలో నా పని రోగులు వాడే మందులను సరిచూడడం. ఏ మందు ఎందుకు రాశారు, ఇంకా అవసరమా, దానివల్ల రోగికి ఇబ్బందేమైనా ఉందా అని అడగాలి. అడిగితే డాక్టర్లకు గిట్టదు. అడగకపోతే నాకు అన్నం సహించదు. కల్పన మేడమ్ వస్తోందంటే డాక్టర్లు పెన్ను జేబులో పెట్టేస్తారని నర్సులు నవ్వుకుంటారు.

ఆ వేసవిలో గుమ్మఘట్ట నుంచి రసూల్‌బీ వచ్చింది. ఊరూరా తిరిగి గాజులు అమ్మే మనిషి, అరవై దాటాయి. వెంట కూతురు నాజ్‌నీన్. మూడేళ్ల కిందట భర్త పోయాక రసూల్‌బీ, తన అన్నంలో ఎవరో విషం కలుపుతున్నారన్న భయంతో పస్తులుండి, మా వార్డులో చేరిందట. మందులు పడ్డాక ఆ భయం పోయింది. ఇప్పుడు శుభ్రంగా తింటోంది, కబుర్లు చెబుతోంది. చేతులు మాత్రం వణుకుతున్నాయి. అందుకు ఇంకో మాత్ర రాయించుకుందామని వచ్చింది. అప్పటికే వణుకు తగ్గడానికి ఒక మాత్ర మింగుతోంది, దాంతో నోరెండిపోతే రోజంతా నీళ్లు తాగుతోంది.

"పెండ్లింట్లో గాజు పగిల్తే ఎంత మాట పడాల్నో నీకేం తెల్సు పాపా," అంది. "ఏడాదైపాయె, పెండ్లికూతురి చెయ్యి నాకెవురూ ఇయ్యడం ల్యా."

మాత్రల కవరు బల్ల మీద బోర్లించింది. చూడగానే నాకు ఒళ్లు మండింది. ఒకే పని చేసే మందులు రెండున్నాయి. వార్డులో చేరిన కొత్తలో ఆందోళన అణచడానికి రెండో మందు వేసి ఉంటారు. ఆందోళన తగ్గాక ఆపాలి. ఎవరూ ఆపలేదు. తర్వాత చూసిన ప్రతి డాక్టరూ ముందటి డాక్టరు రాసిందే మళ్లీ రాస్తూ పోయాడు. వణుకు దానివల్లేనని నా అనుమానం.

దుమదుమలాడుతూ డాక్టర్ విజయభాస్కర్ గదికి వెళ్లాను. ఆయన నేను చెప్పిందంతా విని, తప్పేనని ఒప్పుకున్నాడు. అయినా మందు తగ్గించడానికి చేయి రావడం లేదన్నాడు.

"ఆమె వార్డులో ఉన్నప్పుడు నువ్వు చూల్లేదు కల్పనా. నేను ముందు తిని చూపిస్తే గాని ముద్ద ముట్టలేదు. ఇప్పుడు కదిలిస్తే ఆ భయం మళ్లీ వస్తే?"

చివరికి ఆ సంగతి రసూల్‌బీకే చెప్పాం. భయం మళ్లీ రావచ్చు, చేతులు బాగుపడనూ వచ్చు. ఆమె కూతురి వంక చూసింది. అమ్మ కంచం ముందు తటపటాయిస్తే ఆ పూటే తీసుకొస్తానని నాజ్‌నీన్ మాట ఇచ్చింది. అప్పుడు రసూల్‌బీ సరేనంది. డాక్టర్ రెండో మందును నెలనెలా కొంచెం కొంచెం తగ్గించి ఆపేశాడు. ఆ తర్వాత వణుకు మాత్రనూ అలాగే మాన్పించాడు.

చలికాలంలో రసూల్‌బీ గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చింది. తిండి దగ్గర ఏ అనుమానమూ లేదని నాజ్‌నీన్ చెప్పింది. రాయదుర్గంలో ఒక పెళ్లికి పిలుపు వచ్చిందట. వెళ్లేదీ లేనిదీ ఇక్కడే తేల్చుకుంటానని రసూల్‌బీ డాక్టర్ ఎదుటే కూర్చుని నా చేయి అడిగింది.

మొదటి గాజు వేళ్లు దాటకముందే టప్పున విరిగింది. డాక్టర్ వైపు చూడలేకపోయాను. నాజ్‌నీన్ తల దించుకుంది.

రసూల్‌బీ నింపాదిగా ముక్కలు ఏరి పక్కన పెట్టి, రెండు చేతులూ మా ముందు చాపింది. అవి నిలకడగా ఉన్నాయి.

"వణికేది నువ్వు పాపా," అంది. "చెయ్యి కట్టె మాదిరి బిగబడితివి. నాకిడిసిపెట్టు."

డాక్టర్ పగలబడి నవ్వాడు, ఆసుపత్రి మొత్తానికి ఈ మేడమ్‌ను వణికించే మనిషి ఇన్నాళ్లకు దొరికిందని. నాకు సిగ్గేసింది, సంతోషంతో కళ్లు తడిశాయి కూడా. చేయి వదులు చేశాను. ఆమె నా బొటనవేలి కీలు నొక్కి, అరచేయి ముడిచి, ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించింది. ఒక్కటీ పగల్లేదు.

ఆమె అడగకముందే రెండో చేయి ఇచ్చాను.