నలభై ఏడోది

మా వదిన ఎన్యోనం తొలి కాన్పులో ఆడపిల్లను కన్నప్పుడు, బిడ్డను ముందుగా చేతుల్లోకి తీసుకున్నది నేను. నిజానికి అది మా అమ్మ హక్కు. అమ్మ గుడ్డ తొలగించి చూసి, చేతులు వెనక్కి పెట్టుకుంది. పాప కళ్లు కొసలు పైకి లేచి ఉన్నాయి. చెవులు మరీ చిన్నవి. అరచేతిలో రెండు గీతలుండే చోట అడ్డంగా ఒకే గీత. ఎత్తుకుంటే ఒళ్లు నానిన గుడ్డలా చేతుల్లోంచి జారిపోతోంది.

"నీళ్ల బిడ్డ," అంది అమ్మ మెల్లగా.

మా ఊరు అన్లోగాలో ఆ మాటను ఎవరూ విప్పి చెప్పరు. ఉప్పు మడుగు తన పిల్లను మన కడుపున పడేసిందనీ, దాని పిల్లను దానికి అప్పగించాలనీ అర్థం. నా చిన్నతనంలో రెండిళ్లలో అలాంటి పిల్లలు పుట్టారు. తర్వాత వాళ్ల ఊసెవరూ ఎత్తలేదు.

మెల్లగా అన్నా ఆ మాట వదిన చెవిన పడింది. వదినకప్పుడు ఇరవై మూడేళ్లు. ఎనిమిదో రోజున పాపను బయటికి తెచ్చి, తనే అక్పెనె అని పేరు పెట్టింది. ధన్యవాదం అని.

"ఎవరికే ధన్యవాదం?" అని అమ్మ నిలదీసింది.

"ఇచ్చినవాడికి అత్తయ్యా. అడగడానికొచ్చేవాళ్లకి కాదు."

ఆ నెలంతా వదిన పాపను గుండెకు కట్టుకుని గడపకడ్డంగా పడుకుంది. మా అన్న సెలోం పొద్దున్నే ఉల్లి మడులకు పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. పాపను చూసేవాడు గానీ ముట్టుకునేవాడు కాదు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "కడుపుతో ఉండి మిట్టమధ్యాహ్నం మడుగులో మునిగింది నువ్వేగా? మా వంశంలో ఏడు తరాలు వెతుకు, ఇలాంటిది ఉందేమో చూస్తా!" అనేది.

పాలు తాగుతుంటే పాప పెదాలు నీలంగా మారేవి. మా ఊరి నర్సు గొట్టం పెట్టి విని, గుండెలో వినపడకూడని చప్పుడు వినపడుతోందనీ, అక్రాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనీ చెప్పింది. అన్న మడులు వదిలి రాలేనన్నాడు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టాను. బయల్దేరే వేళకి అమ్మ కూడా మంచి బట్ట చుట్టుకుని వచ్చింది.

"నువ్వెందుకమ్మా?"

"తప్పు మా రక్తంలో లేదని ఆ డాక్టరు నోటితోనే వింటా."

గుండెలో చిన్న రంధ్రం ఉందన్నారు. దానంతటదే మూసుకోవచ్చు, ఆర్నెల్లకోసారి తీసుకురండి అన్నారు. తర్వాత డాక్టర్ నార్తె అనే పెద్దావిడ దగ్గరికి పంపారు. ఆవిడ పాప చేతిని తెరిచి ఆ గీతను వేలితో నిమిరి, కొంచెం రక్తం తీయించి, నాలుగు వారాలాగి రమ్మంది.

మళ్లీ వెళ్లేసరికి ఆవిడ బల్ల మీద ఒక ఫొటో, కత్తెర, జిగురు డబ్బా ఉన్నాయి. ఫొటోను ముక్కలుగా కత్తిరిస్తోంది. ఒక్కో ముక్కలో ఒక్కో నల్లటి పోగు, దాని మీద అడ్డచారలు. గొంగళిపురుగుల్లా ఉన్నాయి.

"మీ మనవరాలి రక్తంలోని ఒక్క కణంలోవమ్మా ఇవి. క్రోమోజోములంటాం. ఒళ్లు ఎలా తయారవ్వాలో అంతా వీటిలోనే రాసుంటుంది. కన్నెలా ఉండాలి, వేలెంత పొడవుండాలి, అన్నీ. వీటిని పొడవు చూసి, చారలు చూసి జతలు కట్టాలి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది."

"జతలేగా? ఇటివ్వు," అని అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

వదినా నేనూ ముఖముఖాలు చూసుకున్నాం. కానీ విత్తనపు ఉల్లి ఏరడంలో అన్లోగాలో మా అమ్మ కఫూయిని మించినవాళ్లు లేరు. ఒకేలా కనిపించే రెండు పాయల్లో ఏది ముందు మొలకెత్తుతుందో చెప్పేస్తుంది. అమ్మ ముక్కలన్నీ బల్ల మీద పరిచింది. కాసేపు ఊరికే చూసింది. తర్వాత ఆమె వేళ్లు కదిలాయి. పొడుగువి ముందు, ఆ తర్వాత నడిమివి. నడిమి వాటిలో రెండు జతలు మాత్రం డాక్టరమ్మ సరిదిద్దింది. మిగతా వాటిని తాకలేదు.

"మా విద్యార్థులకి దీనికి సగం రోజు పడుతుంది," అంది.

"వాళ్లు ఉల్లి ఏరారా ఎప్పుడైనా?" అంది అమ్మ తలెత్తకుండా.

చివరికి బాగా చిన్నవి మిగిలాయి. అమ్మ రెంటిని పక్కపక్కన పెట్టింది. అదే కొలత, అవే చారలతో ఇంకోటి చేతిలో ఉంది. అమ్మ బల్లంతా వెతికింది. ఫొటో అట్ట ఎత్తి చూసింది. తర్వాత లేచి, మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద నేల తడమడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా?"

"దీని జత ఎక్కడో పడిపోయిందే. ఫ్యాను గాలికి ఎగిరిందేమో. లేవండి, మీ కాళ్ల కింద చూడండి."

డాక్టర్ నార్తె వచ్చి అమ్మ భుజం పట్టుకుంది. "ఏదీ పడిపోలేదమ్మా. మనందరికీ నలభై ఆరు. ఈ పాపకి నలభై ఏడు. ఆ చిన్నది మనకి రెండు, తనకి మూడు."

అమ్మ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. చేతిలో ఆ ముక్క ఉంది, గోరంత.

"ఇదా? ఇంతదా?"

"అంతదే. ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంటుంది. చిటికెడు ఉప్పు ఎక్కువైతే కుండెడు పులుసు రుచి మారదూ? దీన్ని డౌన్ సిండ్రోం అంటారు. పాప ఆలస్యంగా నడుస్తుంది, ఆలస్యంగా మాట్లాడుతుంది. చదువు నెమ్మదిగా వస్తుంది. చెవులూ గుండే జాగ్రత్తగా చూసుకోవాలి. కానీ నడుస్తుంది, మాట్లాడుతుంది, నవ్వుతుంది, అలుగుతుంది."

వదిన అడిగింది: "నేను మడుగులో మునిగినందుకా డాక్టరమ్మా?"

"కాదు తల్లీ. బిడ్డ పడటానికి ముందు తల్లి గుడ్డులో ఈ జతలన్నీ విడిపోవాలి, తండ్రి బీజంలోనూ అంతే. ఎక్కడో ఒక జత చెయ్యి వదల్లేదు. రెండూ కలిసే వచ్చేశాయి. ఎవరి వల్లా కాదు. వయసు మళ్లిన తల్లుల్లో ఎక్కువ, అయినా నీ వయసువాళ్లకీ జరుగుతుంది. రాజుల ఇళ్లలోనూ జరుగుతుంది."

"ఎవరి వైపునుంచి ఎక్కువొచ్చింది?" అమ్మ పట్టు వదల్లేదు.

"ఈ పరీక్షలో అది తెలీదమ్మా. కానీ ఒకటి చెప్తాను వినండి. ఏ గుడ్డు నుంచి ఈ పాప పుట్టిందో ఆ గుడ్డు మీ కోడలు పెద్దయ్యాక తయారైంది కాదు. మీ కోడలు వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. అప్పట్నుంచీ కాచుకుని ఉంది."

బళ్లో పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, ఈ సంగతి నాకు తెలీదు. అమ్మ వదిన పొట్ట వైపు చూసింది. వదిన తల్లి ఏనాడో పోయింది. ఆ మనిషిని మేమెవరం చూడను కూడా లేదు.

"అంటే మీ అమ్మ కూడా దీన్ని మోసిందన్నమాట," అంది అమ్మ కోడలితో. "పైకి తెలీకుండా."

వదిన భోరున ఏడ్చింది. అమ్మ లేచి, ఆ ముక్కను మిగతా రెంటి పక్కన సరిగ్గా నిలబెట్టి, చేతులు బట్టకు తుడుచుకుని చాపింది. "ఇటివ్వవే. దాని మెడ అలా వేలాడేస్తే ఊపిరాడదు, ఎన్నిసార్లు చెప్పాలి?" నిజానికి ఒక్కసారీ చెప్పలేదు. పుట్టిన పదమూడు వారాలకి పాప నాయనమ్మ చేతుల్లోకి వెళ్లింది. అన్లోగా వచ్చేదాకా అమ్మ దాన్ని దించలేదు.

ఊరి బస్సు దిగగానే ఇద్దరు పెద్దలు ఎదురొచ్చారు. "ఏం తేల్చారు కఫూయీ? మడుగు సంగతేం చేద్దాం?" అన్నారు.

"మడుగు దగ్గర నా మనవరాలి లెక్క లేదు. నేను కళ్లారా చూసొచ్చా," అంది అమ్మ. "మా ఇంటి వైపు ఆ మాట మీద వచ్చేవాడు ముందు నన్ను ముంచి రావాలి."

ఆ రాత్రి అన్న మడుల నుంచి రాగానే అమ్మ పాపను అతని ఒళ్లో పెట్టింది. "పట్టుకోరా. నీకంటే ఒకటి ఎక్కువే ఉంది దీనికి, తక్కువ లేదు." అన్న పట్టుకున్నాడు. పాప అతని వేలు పట్టుకుని నిద్రపోయింది. అన్న తెల్లారేదాకా వేలు లాక్కోలేదు.

గుండెలో రంధ్రం నాలుగో ఏట మూసుకుంది. నడక మూడున్నరేళ్లకి వచ్చింది. మాట ఆరో ఏట. మొదటి మాట అమ్మా కాదు, నాన్నా కాదు, "ఇంకా" అని. బెండకాయ పులుసు కోసం. బళ్లో నా తరగతిలోనే మూడేళ్లు కూర్చుంది. తన పేరు రాయడం నేర్చుకుంది. కూడికలు రాలేదు. పిల్లలు వెక్కిరిస్తే రాళ్లు విసిరేది. ఒకసారి నా మీదా విసిరింది.

అక్పెనెకి ఇప్పుడు ఇరవై ఆరు. మొన్న సముద్రం ఒడ్డున అలివి వల, అదే ఒడ్డు మీంచి తాళ్లతో లాగే పెద్ద వల, లాగుతున్నారు. రెండు తాళ్ల దగ్గర అరవై మంది. నేను ఇసుకలో కూర్చుని చూస్తున్నాను. పాట అందుకునే పని అక్పెనెది, ఆ పాటకే అందరూ ఒక్కసారిగా లాగుతారు. వదిన కూడా తాడు దగ్గరే ఉంది. అక్పెనె మధ్యలో నా దగ్గరికి వచ్చి మంచినీళ్లు తాగింది.

"అత్తా, నాలో ఒకటి ఎక్కువుందంట కదా. నాయనమ్మ చెప్పేది."

"అవునే."

"ఎక్కడుంది?"

"అంతటా ఉంది. నీ వేలి గోరులో, నీ వెంట్రుకలో, అన్నిట్లో."

తన చేతిని ఎండకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. నేనూ చూశాను.

"నొప్పి లేదు," అని తేల్చేసి, తాడు దగ్గరికి పరుగెత్తింది. గొంతెత్తి మొదటి చరణం అందుకుంది. అరవై మంది ఒక్క అడుగు వెనక్కి వేశారు, సముద్రం కొంచెం ఇటు జరిగింది.