రిసెప్షన్ ఫొటోలో లేని మనిషి

నేను ఒక పెళ్ళి రిసెప్షన్ ఫొటోని. రావులపాలెంలో ఒక మేడింటి హాల్లో, టీవీకి పైన, బంగారు రంగు ఫ్రేములో వేలాడుతున్నాను. వచ్చినవాళ్ళు నన్ను చూసి "అబ్బ, ఎంత బాగా వచ్చిందండీ" అంటారు. మనుషులు ఫొటోలో ముందు తమ మొహాన్ని వెతుక్కుంటారు. తాము అందులో లేకపోతే ఫ్రేము ఎక్కడ కట్టించారని అడుగుతారు. అంతకు మించి ఎవరూ చూడరు. చూస్తే నాలో ఒక మనిషి తక్కువనీ, ఒక మనిషి ఎక్కువనీ తెలిసేది.

నన్ను తీసినవాడు మండపేట గనిరాజు. పెళ్ళి తియ్యడం సులువు, రిసెప్షన్ తియ్యడమే కష్టం అనేవాడతను. పెళ్ళిలో జీలకర్ర బెల్లం ఉంటుంది, తాళి ఉంటుంది, తలంబ్రాలు ఉంటాయి. రిసెప్షన్లో ఏమీ జరగదు. ఇద్దరు మనుషులు సోఫా ముందు మూడు గంటలు నిలబడి ఉంటారు. వరసలో వచ్చినవాళ్ళు కవరు చేతిలో పెట్టి, కెమెరా వైపు చూసి, భోజనాలకి పరిగెడతారు. ఇటు చూడండి అనగానే అందరి మొహాల మీదా ఒకటే నవ్వు, అద్దె కుర్చీల్లాగా.

మంచి ఫొటోకి వెలుగు కావాలి. అది గనిరాజు గొడుగు లైట్లు ఇస్తాయి. వేదిక మీద గులాబీ దీపాలు మొహాలకి రంగు పులుముతుంటే వాటిని ఆర్పించేవాడు. అలంకరణ పార్లరువాళ్ళు చూసుకుంటారు. మిగిలిన ఒక్కదాని కోసం మాత్రం కాచుకోవాలి. ఒక మనిషి ఇంకో మనిషిని నిజంగా చూసే క్షణం అది. దానికి అతని దగ్గర ఒక కిటుకు ఉండేది. ఒకసారి నొక్కి, "అయిపోయిందండీ" అని కెమెరా దించేవాడు. అందరూ హమ్మయ్య అనుకుని ఊపిరి వదిలేవారు. సరిగ్గా అప్పుడు మళ్ళీ నొక్కేవాడు.

నేను అలాంటి ఒక 'అయిపోయిందండీ' తర్వాత పుట్టాను.

పెళ్ళికూతురు సౌజన్య. తండ్రి త్రిమూర్తులు పోయి ఎనిమిదేళ్ళయింది. తల్లి సత్యవేణి మిషను కుట్టి పిల్లని పెంచింది. పెళ్ళికూతురి జాకెట్టు కూడా ఆమె కుట్టిందే. కన్యాదానం మాత్రం సౌజన్య మేనత్త భాగ్యవతి, ఆమె భర్త చేశారు. ఆ రెండు రోజులూ సత్యవేణి భోజనాల వైపే తిరిగింది. వేదిక మీదికి రావద్దని ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ళుగా శుభకార్యాల్లో ఆమెని పక్కకి నిలబెట్టీ నిలబెట్టీ, చెప్పే పని తప్పించుకున్నారు.

రిసెప్షన్ సాయంత్రం సౌజన్య పైట పిన్ను ఊడిపోయింది. మేనత్త ఎక్కడో వియ్యాలవారికి మర్యాదలు చేస్తోంది. సౌజన్య దూరంగా ఉన్న తల్లికి కళ్ళతో సైగ చేసింది. సత్యవేణి మెట్లెక్కి వచ్చింది. పిన్ను గుచ్చి, కూతుర్ని ఎగాదిగా చూసి, "చీర నువ్వు కట్టుకున్నావా, చీరే నిన్ను కట్టేసిందా?" అంది. మూడు గంటల నుంచి బిగబట్టిన నవ్వు ఒక్కసారి బద్దలైంది. సౌజన్య తల్లి మొహంలోకి వంగి నవ్వింది. పెళ్ళికొడుకు దుర్గాప్రసాద్ ఇద్దర్నీ చూసి నవ్వాడు. అందరికంటే సత్యవేణి నవ్వింది, నోరంతా తెరిచి, కళ్ళు మూతలు పడేటట్టు. గనిరాజు నొక్కాడు.

కెమెరా వెనక చూసుకుని, "ఇదండీ రిసెప్షనంటే" అన్నాడు.

"బాబూ, మేమిద్దరం పడ్డామా అందులో?" అని అడిగింది సత్యవేణి.

"బెమ్మాండంగా పడ్డారమ్మా."

"అదొక్కటి నాకు పెద్దది చేసియ్యి నాయనా. దీని పెళ్ళిలో దీని పక్కన నేనున్నది ఇదొక్కటే."

"అలాగేనండి. మీ చేతికే ఇత్తాను."

పెళ్ళయిన పదో రోజున ఫొటోలు ఏరడానికి భాగ్యవతి సౌజన్యని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. నన్ను చూడగానే ఆవిడ మొహం ముడుచుకుంది.

"ఇదేటండీ? మొగుడు పోయిన మనిషి, వియ్యాలోరి ముందర ఆ నోరేటి, ఆ నవ్వేటి? తీసెయ్యండి దాన్ని."

గనిరాజు కాసేపు గొణిగాడు. "ఇందులో పేణం ఆవిడదేనండి. ఆవిణ్ణి తీసేత్తే పెళ్ళికూతురు ఎవర్ని చూసి నవ్వుతున్నట్టండీ?"

"మా తమ్ముణ్ణి చూసి నవ్వుద్ది. వాణ్ణి పెట్టండి అక్కడ."

పోయినవాళ్ళని ఫొటోల్లోకి పిలవడం ఇప్పుడు మామూలే. గనిరాజు కంప్యూటరులో తలలు లేని కోట్లు ఇరవై రకాలు తయారుగా ఉంటాయి. అతను సౌజన్య వైపు తిరిగాడు. "మీరేమంటారమ్మా?"

ఆమె వద్దంటే నేను నేనుగా మిగిలేదాన్ని. ఆమె నన్ను కాసేపు చూసింది. మేనత్తని చూసింది. "నాన్న ఉంటే బాగానే ఉంటుంది కదండీ" అంది.

భాగ్యవతి తమ్ముడింటి గోడ మీది పటాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపింది. గనిరాజు దండ కత్తిరించాడు, తల వేరు చేశాడు, బూడిద రంగు కోటు తొడిగాడు. పటం అద్దం మీద పెట్టిన పెద్ద కుంకుమ బొట్టు కూడా తలతో పాటు వచ్చేసింది. అది అద్దం మీదిదని అతనికి తట్టలేదు. భక్తి గల మనిషి కాబోలు అనుకుని ఇంకాస్త ఎరుపు పెంచాడు. మార్చినదాన్ని పాత పేరుతోనే భద్రపరిచాడు. కెమెరాలో ఉన్నది అప్పటికే ఇంకో పెళ్ళి కోసం చెరిపేశాడు. సత్యవేణి నవ్వు అలా రెండు చోట్లా పోయింది.

ఇక నన్ను చూడండి. సత్యవేణి పొట్టి మనిషి. త్రిమూర్తులుకి తొడిగిన కోటు పొడుగు. అందువల్ల సౌజన్య చూపు ఇప్పుడు ఆ కోటు రెండో గుండీ మీద ఆగింది. తండ్రి ఎదురుగా ఉంటే ఆయన గుండీని చూసి పగలబడి నవ్వుతోంది. ఆయనేమో ఎవరికీ సంబంధం లేకుండా, గుర్తింపు కార్డు కోసం కూర్చున్నట్టు తిన్నగా చూస్తున్నాడు. ఆయన పోయిన పదకొండో రోజున భార్య నుదుటి మీద చెరిపిన బొట్టు, ఆమె చోట్లో నిలబడ్డ ఆయన నుదుటి మీద ఎర్రగా వెలుగుతోంది. చూసినవాళ్ళు ఎవరికీ ఇందులో తప్పు కనపడలేదు. పోయినవాడికి చోటిస్తే కళ్ళు చెమర్చే మనుషులు, బతికున్నదాన్ని గెంటేశారని గమనించరు.

సత్యవేణి తన ఫొటో కోసం స్టూడియోకి రెండుసార్లు వెళ్ళిందట. "ఫొటోలన్నీ అమ్మాయిగారింటికి పంపేశానండి, అక్కడ చూసుకోండి" అన్నాడట గనిరాజు, తలెత్తకుండా.

ఒక ఆదివారం ఆమె కూతురికి కుట్టిన జాకెట్లు పట్టుకుని రావులపాలెం వచ్చింది. వియ్యపురాలు కనకరత్నం ఎదురెళ్ళి తీసుకొచ్చి, నా ముందు నిలబెట్టింది.

"చూశారా ఒదినగారూ, అన్నయ్యగారు ఎంత నిండుగా ఉన్నారో! మా ఇంటికొచ్చిన వాళ్ళంతా ఆయన్నే చూస్తన్నారు." అని కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.

సత్యవేణి నన్ను చాలాసేపు చూసింది. ముందు కూతుర్ని, తర్వాత అల్లుణ్ణి, తర్వాత తన చోటుని. అప్పుడు జాకెట్లు అందుకున్న సౌజన్య వైపు తిరిగింది.

"ఆ రోజు నేను నీ దగ్గరికి వచ్చానా, లేదా?"

"వచ్చావమ్మా."

"మరి ఇందులో నేనేదే?"

"అత్త తీయించేసిందమ్మా."

"నువ్వక్కడ లేవా?"

సౌజన్య జాకెట్లు విప్పి, మళ్ళీ మడత పెట్టింది. "నాన్న కదా అని ఊరుకున్నాను."

సత్యవేణి వేలెత్తి నా అద్దం మీద, భర్త నుదుటి దగ్గర ఆనించింది. "ఈ బొట్టు నేను పెట్టిందే. శుక్కురారం శుక్కురారం పటం తుడిచి పెడతాను" అంది.

అది నాకూ అప్పుడే తెలిసింది. ఇంతమంది పట్టుబట్టి చెరిపినా, నాలో ఆమెది అదొక్కటి మిగిలింది. అదీ ఎవరూ పొరపాటున కూడా ఆమెది అనుకోని చోట.

సౌజన్యకి ఏడుపొచ్చింది. ఏడవడం కంటే తేలికైన పని చేతిలోనే ఉంది. ఫోను తీసింది. "రామ్మా, ఇప్పుడు దిగుదాం. మనిద్దరమే. నీకు పెద్దది చేయిస్తాను" అని తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి, నా కిందే నిలబడింది. కిటికీలోంచి వెలుగు బాగానే పడుతోంది. మొహాలు రెండూ తిన్నగానే ఉన్నాయి. సత్యవేణి కొంగు కప్పుకుని, పెదాలు బిగించి ఫోను వైపు చూసింది.

"కొంచెం నవ్వమ్మా."

"వద్దులే. మళ్ళీ ఎవరికో పని."

సౌజన్య నొక్కింది. ఆ ఫొటోని అప్పుడే చుట్టాలందరికీ పంపింది. కాఫీలు రాకముందే అందరికంటే ముందు భాగ్యవతి నుంచి జవాబు వచ్చింది. చాలా బాగుందంది.