బాపుకు వాయిస్ పెట్టినట్టు

మా ఇంట్లో ఏడుపు గొంతుతో వాయిస్ పెట్టకూడదు. అది అవ్వ పెట్టిన కట్టుబాటు. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. బాపు షార్జాలో కట్టడాల పనిలో ఉన్నాడు. డ్యూటీలో ఫోను ఎత్తే వీలుండదు, అవ్వకు చదువు రాదు. అందుకని మా మాటలన్నీ రికార్డు చేసిన గొంతులుగానే అటు వెళ్తాయి, ఇటు వస్తాయి. మా ఊళ్లో గల్ఫులో మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఫోనును అరచేతిలో వెల్లకిలా పెట్టుకొని నోటి దగ్గరికి తెచ్చుకోవాలి. ముందు "మేం అందరం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు, టైముకు తిను" అనాలి. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే. చెప్పాక ఒకసారి మనమే విని చూసుకోవాలి. గొంతు తడిగా ఉంటే తీసేసి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పాలి.

ఆ పని నాకు బాగా వచ్చు. అవ్వ మాటలు కూడా నేనే దగ్గరుండి పెట్టిస్తాను. కానీ బడిలో మాత్రం నాకు గొంతు ఉండేది కాదు. లేచి నిలబడితే చాలు, అందరి కళ్లూ నా మీద పడి, వచ్చిన జవాబు కూడా లోపలే ఉండిపోయేది. మా తొమ్మిదో తరగతిలో ప్రణయ్ నాకు 'మ్యూట్' అని పేరు పెట్టాడు. వాళ్ల తాత దశరథం మా బడి కమిటీకి చైర్మన్. ప్రణయ్ ఏ పేరు పెట్టినా అది నిలబడిపోతుంది.

మమతారాణి మేడం వచ్చాక ఇంగ్లీషు క్లాసు తీరు మారింది. ఆమె మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట మీదుగా బస్సులో వస్తారు. మొదటి వారంలోనే తరగతికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. హోంవర్కు రాయడం కాదు, మాట్లాడి పంపాలి అన్నారు. మీ ఇంట్లో వినబడే ఒక చప్పుడు రికార్డు చెయ్యండి, అది ఏమిటో చెప్పకండి, మిగతావాళ్లు ఇంగ్లీషులో అడిగి కనుక్కోవాలి. అదీ ఆట.

నేను అవ్వ కత్తెర చప్పుడు పంపాను. అవ్వ బీడీలు చేస్తుంది. తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తిరించేటప్పుడు కత్తెర కరకరమంటుంది. మేక మేస్తున్నదా అని ఒకరు, ఎలుక కొరుకుతున్నదా అని ఒకరు అడిగారు. ప్రణయ్ "మీ తాత అప్పడం తింటుండా" అని ఇంగ్లీషులో అడగడానికి సగం పొద్దు కష్టపడ్డాడు. అందరికీ 'నో' అని వాయిస్ పెట్టింది నేనే. ఒక్క మాటే. అయినా అది మా తరగతి మొత్తం విన్న నా గొంతు.

మేడం తప్పులను గ్రూపులో ఎత్తి చూపరు. నిన్న పొలానికి పోయిన సంగతి నేను తప్పుగా చెప్తే, "అవునా, నిన్న పొలానికి వెళ్లావా, నేను నిన్న కూరగాయలకు వెళ్లాను" అని తన సంగతి కలిపి, ఇంగ్లీషులోనే సరైన మాటను నా చెవిలో వేసేవారు. ఆ వాయిస్‌ను నేను వేగం తగ్గించి వినేదాన్ని. అలా నెమ్మదిగా వింటే మేడం గొంతు నిద్రలో మాట్లాడినట్టు ఉంటుంది. కానీ ప్రతి అక్షరం విడిగా దొరుకుతుంది. ఒక మనిషి ఒకే మాటను విసుక్కోకుండా ఎన్నిసార్లైనా నాకోసం చెప్పడం అంతకుముందు నేను ఎరగను.

ఒకరోజు బాపుకు పెట్టాల్సిన వాయిస్ పొరపాటున మేడంకు వెళ్లింది. "మేం అందరం మంచిగున్నం బాపూ" అని మొదలుపెట్టి, బర్రె ఈనిన సంగతి దాకా అంతా వెళ్లిపోయింది. తీసేసేలోపే ఆమె విన్నారు. నాకు తెల్లారి బడికి పోవాలంటేనే భయం వేసింది. సాయంత్రం మేడం నుంచి చిన్న వాయిస్ వచ్చింది. "వందనా, ఇది మీ బాపుది గదా, ఆయనకు పంపు. చానా మంచిగ చెప్పినవు." మరుసటి రోజు బడిలో ఆ ఊసే ఎత్తలేదు.

దసరా సెలవుల తర్వాత మేడం ఆటను పెద్దది చేశారు. ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఒక మరాఠీ మీడియం బడి ఉంది. ఆ బడి సారుతో మాట్లాడి మా తరగతిని వాళ్ల తరగతితో జత కలిపారు. వాళ్లలో తెలుగు బాగా వచ్చినవాళ్లు తక్కువ, మాకు మరాఠీ రాదు. ఏం చెప్పాలన్నా ఇంగ్లీషే దిక్కు. నా జత పేరు దీపిక. ఆమె పంపిన చప్పుడు విని నేను, బట్టలు ఉతుకుతున్నారా అని అడిగాను. ఆమె పడిపడి నవ్వి, వాళ్ల ఆయి జొన్నరొట్టె చరుస్తున్నదని చెప్పింది. ఆయి అంటే అవ్వ. నా కత్తెరకు ఆమె, ఎవరికి క్షవరం చేస్తున్నారని అడిగింది. అలా రోజుకొక వాయిస్. ఒక్కొక్కటి చెప్పి, విని, తీసేసి, మళ్లీ చెప్పి పంపేదాన్ని. నా వయసు పిల్లతో నేను అన్ని మాటలు ఏ భాషలోనూ మాట్లాడలేదు.

అంతలో ప్రణయ్ దొరికిపోయాడు. ఇంగ్లీషు హోంవర్కు అని వాళ్ల తాత ఫోను పట్టుకొని, దుప్పట్లో గేములు ఆడుతున్నాడు. దశరథం తాత నేరుగా బడికి వచ్చాడు.

"మేడం, మీరు మంచి మనిషే. కాని గీ ఫోన్ల చదువు మాకొద్దు. పోరలు ఖరాబైతుండ్రు," అన్నాడు.

"మీ మనుమడు ఒక్కడు ఆడిండని అందరి నోరు మూస్తమా, చైర్మన్ గారూ?"

"నోరు తెరిస్తే గదా మూసుడు. వీళ్లు ఇంగ్లీషుల మాట్లాడంగ నేనైతే ఇయ్యాల్టి దాక ఇనలే."

"అయితే శనివారం వచ్చి ఇనుండ్రి," అన్నారు మేడం.

శనివారం తల్లిదండ్రుల మీటింగు. మా గది డిజిటల్ బోర్డు మీద ఆదిలాబాద్ పిల్లలతో వీడియో కాల్ పెట్టాలని, పిల్లలు అందరి ముందు మాట్లాడాలని అనుకున్నారు. పెద్దలకు నచ్చితే ఫోను హోంవర్కు ఉంటుంది, లేకపోతే ఆ రోజుతోనే ఆగిపోతుంది. ముందు ప్రణయ్, తర్వాత నేను. వాయిస్ అయితే తీసెయ్యొచ్చు. అందరి ముందు అన్న మాటను ఎలా తీసేస్తాను? మాట్లాడకపోతే దీపికతో మాటలు ఆగిపోతాయి. ఆ వారమంతా నాకు అన్నం సరిగా పోలేదు. గోదావరి గురించి నాలుగు మాటలు కంఠతా పట్టాను.

శనివారం గది నిండింది. మగవాళ్లు బెంచీల మీద, ఆడవాళ్లు వెనక గోడకు ఆనుకొని కింద కూర్చున్నారు. అవ్వ బీడీల చాట ఇంట్లో పెట్టి వచ్చింది, చేతులకు పని లేక కొంగు మడత పెడుతూ ఉంది. బోర్డు మీద ఆదిలాబాద్ పిల్లలు వరుసగా కనిపించారు. ప్రణయ్ లేచి తన పేరు, ఊరు గడగడా చెప్పేసి, ఎడ్లబండి పోటీ గురించి మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి, "థాంక్యూ" అని కూర్చున్నాడు.

"గిదేనా?" అన్నాడు దశరథం తాత. "గింత దానికి నా ఫోను ఎందుకు, రేడియో చాలదా."

మగవాళ్లు నవ్వారు. మేడం నా వైపు చూశారు. లేచాను. బోర్డు మీద దీపిక ముఖం నా ముఖమంత దగ్గరగా ఉంది, ఎర్ర రిబ్బన్లు వేసుకొని ఉంది. "వందనా, ఆర్ యూ దేర్?" అని అడిగింది. గోదావరి ఒక్క చుక్క కూడా నోట్లోకి రాలేదు. మళ్లీ అడిగింది. వెనక ఎవరో దగ్గారు. ప్రణయ్ పక్కవాడి చెవిలో "మ్యూట్" అన్నాడు, నాకు వినబడేలాగే.

మేడం తొందరపెట్టలేదు. లేచి వచ్చి బోర్డు మీద వీడియో తీసేశారు. కాల్‌ను తన ఫోనులోకి మార్చి, ఆ ఫోను నా అరచేతిలో వెల్లకిలా పెట్టారు. బోర్డు నల్లగా అయింది.

"అటు కిటికీ దిక్కు తిరుగు," అన్నారు మెల్లగా. "ఎవ్వల దిక్కు చూడకు. బాపుకు వాయిస్ పెట్టినట్టు పెట్టు."

తిరిగాను. కిటికీ అవతల నల్లా దగ్గర ఒక కోడి నీళ్లు తాగుతోంది. ఫోను నోటి దగ్గరికి దానంతట అదే వచ్చింది. నా నోటి నుంచి గోదావరి రాలేదు. అలవాటైన మాటే ముందు వచ్చింది, ఇంగ్లీషులో.

"హలో దీపికా. వీ ఆర్ ఆల్ ఫైన్ హియర్. డోంట్ వర్రీ. ఈట్ ఆన్ టైమ్."

తరగతి పిల్లలు గొల్లుమన్నారు. దోస్తుకు ఎవరైనా టైముకు తినమని చెప్తారా. నా చెవులు వేడెక్కాయి. కానీ వెనక గోడ దగ్గర ఒక్క నవ్వు కూడా లేదు.

"ఏమన్నదే?" అని దశరథం తాత అడిగాడు, ఫలానా వాళ్లనని కాకుండా.

"మేం అందరం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు, టైముకు తిను అన్నది," అని మా అవ్వ చెప్పింది.

"యాదవ్వా, నీకు ఇంగ్లీషు ఎప్పటిసంది వచ్చె?"

"ఇంగ్లీషు రాదు మామా. నా బిడ్డ గొంతు ఎరుకనే గద. వాళ్ల బాపుకు పెట్టినట్టే పెట్టింది."

ఆడవాళ్లలో ఒకరు "అవ్, అచ్చం గట్లనే" అన్నారు. దశరథం తాత నా చేతిలోని ఫోను వైపు చూశాడు. వాళ్ల కొడుకు, అంటే ప్రణయ్ వాళ్ల నాన్న, మస్కట్‌లో ఉంటాడు. తాత కూడా రోజూ అరుగు మీద ఫోను అరచేతిలో పెట్టుకొని ఇదే మాట చెప్తాడు.

అప్పుడు ఫోనులోంచి దీపిక గొంతు వచ్చింది. వాళ్లు కూడా బాగున్నారట. తినేసిందట, రొట్టె, శనగపిండితో చేసే పిట్ల. మీ అవ్వ కత్తెర ఇవాళ ఎందుకు వినబడట్లేదని అడిగింది. అవ్వ నా వెనకే ఉందని, ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయని చెప్పాను. ఎందుకని అడిగింది. చెప్పాను. అలా ఒకదాని వెంట ఒకటి, కోడి సంగతి దాకా చెప్పాను. ఎక్కడో గోదావరి కూడా వచ్చింది. ఎన్ని తప్పులు వచ్చాయో తెలియదు. ఏ ఒక్కటీ తీసెయ్యడానికి వీలు లేదు, నాకు తియ్యాలని కూడా అనిపించలేదు. తిరిగి చూసేసరికి మేడం గోడకు ఆనుకొని, చేతులు కట్టుకొని, కళ్లు మూసుకొని వింటున్నారు. నేను ఆమె వాయిస్‌లు వినేటప్పుడు అలాగే ఉంటానేమో.

మీటింగు చివర దశరథం తాత లేచి, "ఫోను హోంవర్కు ఉండనియ్యుండ్రి," అన్నాడు. "కాని ఒక మాట. దుప్పట్ల కాదు. అరుగు మీద, ఇంట్ల పెద్దమనిషి పక్కన కూసోని మాట్లాడాలె."

"నువ్వు కూసుంటవా తాతా, నా పక్కన?" అన్నాడు ప్రణయ్.

"కూసుంట బిడ్డా. నువ్వు గేము ఆడితే నీ వీపు మీద నేను ఆడుత."

మేడం నవ్వి, ఆ నిబంధన బోర్డు మీద తెలుగులో రాసి, కింద ఇంగ్లీషులో రాయమని ప్రణయ్‌కు పెన్ను ఇచ్చారు. అరుగుకు ఏమనాలో తెలియక వాడు నిలబడిపోయాడు. మేడం చెప్పలేదు. నా వైపు కూడా చూడలేదు. నేనే వాడికి వినబడేంత గొంతుతో చెప్పాను.

సాయంత్రం అరుగు మీద అవ్వ చాట ముందు కూర్చొని బాపుకు వాయిస్ పెట్టాను. జరిగిందంతా చెప్పాను, దీపికతో అన్న ఇంగ్లీషు మాటతో సహా. మధ్యలో రెండుసార్లు నవ్వు వచ్చింది, చివర గొంతు కొంచెం తడిసింది.

"ఇని చూస్కో," అంది అవ్వ కత్తెర ఆపకుండా.

వినకుండానే పంపాను. అవ్వ నా వైపు చూసి, ఇంకో ఆకు అందుకుంది.

బాపు డ్యూటీ దిగాక జవాబు వచ్చింది. "బిడ్డా, గా ఇంగ్లీషు మాట మల్లొక్కపారి ఇడిగ పెట్టు. రూమోళ్లకు ఇనిపిస్త. వాళ్లు నమ్ముతలేరు."