విస్కీ పీపా వెనక వరుస

షానీ తెగ రెడ్ ఇండియన్ల ఊళ్ళు తగలబెట్టి వద్దామని ఒహాయో నది ఒడ్డున నాలుగు వందల మందిమి పోగయ్యాం. నాయకుణ్ణి మా సరిహద్దు పద్ధతిలోనే ఎన్నుకున్నాం. పోటీపడే ఇద్దరూ ఎడంగా నిలబడతారు. ఎవరి వెనక ఎక్కువమంది చేరితే వాడే కెప్టెన్.

పోటీపడ్డ ఇద్దరిలో ఒకడైన ఎబెన్ రైకర్‌కి నది అవతలి దారులన్నీ తెలుసు. "మనం వస్తున్నట్టు వాళ్ళకి ఈపాటికే తెలిసిపోయుంటుంది. వెళ్తే చస్తాం. ఇళ్ళకి పోదాం పదండ్రా" అన్నాడు.

"నువ్వు పోయి ఆవుల్ని పితుక్కో, పిరికిపందా!" అని అరిచిన వెధవను నేనే.

రెండోవాడు సైలస్ మాఫెట్. తను తెచ్చిన విస్కీ పీపా మూత తీశాడంతే. అందరికంటే ముందు వాడి వెనక నిలబడ్డవాణ్ణీ నేనే. ఎబెన్ వెనక ముప్పై మంది కూడా లేరు. అయినా వాడు మామూలు సిపాయిగా మాతో వచ్చాడు.

నాలుగో రోజు నిలువెత్తు గడ్డిలో షానీలు మమ్మల్ని చుట్టుముట్టారు. మాఫెట్ అందరికంటే ముందు గుర్రమెక్కి పారిపోయాడు. సాయంత్రం దాకా మావాళ్ళు రాలుతూనే ఉన్నారు.

"నా వెనక్కి రండ్రా!" అని వాగు దగ్గర ఎబెన్ కేక వేశాడు.

అందరం వెళ్ళి వాడి వెనకే నిలబడ్డాం. ఈసారి వాడి ఎన్నిక ఏకగ్రీవం. మేం పంతొమ్మిది మందిమి.