రెండు ట్యాంకుల మందు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. మబ్బులు మదీనాగూడ వైపు నుంచి వచ్చి అద్దాల మేడల మీద గుమిగూడాయి, నాలుగు చినుకులు రాల్చాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. అలాంటి పొద్దున చెట్లకు పిచికారీ పెట్టుకోకూడదు. వాన పడితే కొట్టినదంతా కడుక్కుపోతుంది. ఆ మాటే బాలనర్సయ్యతో అన్నాను. ఆయన వినలేదు. పదింటికి భార్య వస్తోంది. ఆమె వచ్చేసరికి పని ముగించి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని నిలబడాలని ఆయన పట్టుదల.

మాది హఫీజ్‌పేట దగ్గర ఒక చిన్న మానసిక దవాఖాన. దాని వెనక అరెకరం నేల ఉంది. నేను దానికి తోటమాలిని, పేరు రాజయ్య. మొదట వచ్చినప్పుడు అక్కడ మొరం, సిమెంటు పెళ్లలు తప్ప ఏమీ లేవు. ఎదుటి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల వాళ్లు ఊడ్చి పారేసే ఆకులను సంచులతో తెప్పించి నేలంతా పరిచాను. నేలకు ఎండ తగలనివ్వకూడదు, నాకు తెలిసిన విద్య అదొక్కటే. మూడేళ్లలో పైన మునగ, దాని కింద బొప్పాయి, ఆ నీడలో పసుపు, సందుల్లో అలసంద తీగలు లేచాయి. పురుగుకు గాని ఎదుగుదలకు గాని అంగడిలో డబ్బా ఏదీ కొనం. తవ్వేది, పరిచేది, కోసేది అంతా దవాఖానలో ఉండేవాళ్లే. అదీ చికిత్సలో భాగమేనని మా డాక్టరు శ్రీలత గారు అంటారు.

బాలనర్సయ్య బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసినవాడు. ఆయనకు తలలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడేది. వాళ్ల నోరు మూయించడానికి గుడుంబా తాగేవాడు. తాగితే వాళ్లు ఇంకా గట్టిగా అరిచేవాళ్లు. తాగుడు మాన్పించే చోటికి పోతే ముందు తల బాగుచేయించుకుని రమ్మన్నారట. తల చూసే చోటికి పోతే ముందు తాగుడు మానమన్నారట. శ్రీలత గారు ఆ రెండు జబ్బులనూ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. ఎనిమిది నెలలయింది. ఆయన భార్య సక్కుబాయి ఫోన్‌లో తేల్చి చెప్పింది: "మంచిగుంటే పొద్దుమీకి రైలుకు తోలుకపోత. మళ్ల ముట్టినవని తెలిస్తే మాత్రం ఇగ నాకు మొకం సూపియ్యకు."

ఆమె అరగంట ముందే వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ మల్లయ్య ఉన్నాడు. అక్కడ జరిగిన మాటలు ఆ తర్వాత మల్లయ్యే నాకు పదిసార్లు చెప్పాడు.

"మా ఆయన లేసిండా తమ్మీ?" అని ఆమె అడిగింది.

"లేసుడేంది అక్కా, తెల్లారకముందే మందు కొట్టుడు మొదలువెట్టిండు."

ఆమె చేతిలోని టిఫిన్ డబ్బా ఊగింది. "మందా?"

"ఒక్క ట్యాంకు గాదు, రెండు ట్యాంకులు కొట్టిండు. ఇంక సగం డ్రమ్ము ఉన్నది. వాన రాకముందే అదిగూడ కొట్టాలని ఆగమాగం అయితుండు."

"మరి మీరెవ్వలు ఆపలేదా?"

"ఎందుకాపుతం? మా రాజయ్య మామే కలిపిచ్చిండాయె. మేడమ్ గూడ కిటికీల నుంచి సూసి, మంచిగ కొడుతున్నవని మెచ్చుకున్నది."

సక్కుబాయి తోటలోకి వచ్చిన వేగానికి అలసంద పందిరి కదిలింది. నేను డ్రమ్ము పక్కన కర్రతో కలుపుతున్నాను. ఎండ లేని పొద్దు గనుక పులిసిన బెల్లం వాసన పైకి పోక, అక్కడే నడుము ఎత్తున నిలిచి ఉంది. గుడుంబా కాచే చోట ఏ వాసన వస్తుందో అదే వాసన.

"రాజయ్యవు నువ్వేనా?"

"నేనే."

"కలిపిచ్చినోడివి?"

"అవును."

"ఏమేసినవు దీంట్ల?"

"బెల్లం."

"ఇంకేం జేసినవు?"

"పులియబెట్టిన. ఆరు దినాలు."

ఇంకా చెప్పవలసింది చాలానే ఉంది. ఆవు పేడ, మూత్రం, శనగపిండి, గట్టు మీద మట్టి. నాకు మాట వెంటనే రాదు. ఒకటి చెప్పి రెండోది వెతుక్కునేలోపు ఆమె నా చేతిలో కర్ర లాక్కుంది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. దానిని నేలకు పోటుపెట్టి, "ముసలోడివి, సిగ్గులేదా? దవాఖానల బట్టి పెట్టినవు" అంది.

బట్టి అంటే సారా కాచే పొయ్యి. అప్పటికీ నాకు ఏమీ అర్థం కాలేదు.

అంతలో బొప్పాయిల వెనక నుంచి బాలనర్సయ్య వచ్చాడు. వీపున ట్యాంకు, తల నుంచి కాళ్ల దాకా తడి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిచికారీ తుంపర గాలికి ఆయన మొహం మీదికే వచ్చింది. భార్యను చూసిన సంతోషంలో అడుగు తడబడి పసుపు మడిలో జారాడు. లేచి నిలబడి నవ్వాడు. ఆమెకు ఇంకేం సాక్ష్యం కావాలి?

కేకలకు శ్రీలత గారు బయటికి వచ్చారు.

"మేడమ్," అంది సక్కుబాయి, "ఈయన మందు మానలేదు."

"మానకూడదమ్మా. ఇంకో రెండేళ్లయినా తప్పకుండా తీసుకోవాలండి. పొద్దున ఒకటి, పడుకునే ముందు రెండు."

సక్కుబాయి నోరు తెరుచుకుంది.

"ఇంటికెళ్లాక మీరే దగ్గరుండి ఇవ్వండి. ఆయన వద్దన్నా బతిమాలి ఇవ్వాలి. ఒక్క రోజు మందు తప్పినా మళ్లీ మొదటికొస్తుంది."

సక్కుబాయి నా కర్ర పట్టుకునే నేల మీద కూలబడింది. "నేనే పొయ్యాల్నా మేడమ్?" అంది.

"పొయ్యడమేంటండి?"

మొదట బాలనర్సయ్యకు అర్థమైంది. ఎనిమిది నెలల్లో ఆయన నవ్వగా వినడం నాకు అదే మొదటిసారి. వీపు మీద ట్యాంకు గడగడలాడింది. "మేడమ్ జెప్పేది గోలీల మందు. నేను కొట్టింది చెట్ల మందు. ఇది మొత్తుకునేది నేను మానేసిన మందు" అన్నాడు. అని, నవ్వు ఆపుకోలేక మునగ చెట్టు పట్టుకున్నాడు. చెట్టు మీది నీళ్లన్నీ డాక్టరు గారి నెత్తిన పడ్డాయి. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. గేటు వదిలి వచ్చిన మల్లయ్య, "నేనేం తప్పు జెప్పిన?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. నాకు కూడా నవ్వు ఆగలేదు.

సక్కుబాయి నవ్వలేదు.

"ఊదితే తాగిందీ లేనిదీ చూపించే మిషన్ ఉందమ్మా, తెప్పిస్తాను" అన్నారు శ్రీలత గారు.

"మిషినెందుకు మేడమ్. ఇరవై ఏండ్ల సంది నేనే మిషిన్ను."

లేచి ఆయన ముందుకు పోయింది. ట్యాంకు దించమంది. దించాడు. పేడ నీళ్లతో తడిసిన చొక్కా విప్పమంది. విప్పి తీగ మీద వేశాడు. "నోరు తెరువు" అంది. ఆయన నవ్వు మాయమైంది. పంతులు ముందు నిలబడ్డ పిల్లవాడిలా చేతులు కట్టుకుని నోరు తెరిచాడు. ఆమె మడమలెత్తి, ముక్కు దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని పీల్చింది. ఇంకోసారి పీల్చింది. మల్లయ్య ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను.

"ఉల్లిగడ్డ" అంది.

"పొద్దుగాల సద్దన్నంల కొరికిన" అన్నాడాయన, నోరు మూయకుండానే.

"ఇంకేం లేదు." ఆ మాట ఆమె మాకెవరికీ చెప్పలేదు. తనకు తానే చెప్పుకుంది. తర్వాత ఆయన గడ్డం మీది పేడ మరకను కొంగుతో తుడిచి, "పొద్దుమీకి రైలుకు పోదాం. తానం జెయ్యి, కంపు గొడుతున్నవు" అంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. మధ్యలో "రెండు ట్యాంకులు" అని గుర్తుచేసుకుని మళ్లీ మొదటి నుంచి నవ్వేది.

ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఆమె వరండాలో డబ్బా విప్పి పెట్టింది. జొన్నరొట్టెలు, వంకాయ కూర, ఎల్లిపాయ కారం. మా వంటగది నుంచి మునగాకు పప్పు వచ్చింది. శ్రీలత గారు కుర్చీ వద్దని గోనె మీదే కూర్చున్నారు. మల్లయ్య గేటు కనపడేలా, మా అందరికీ కాస్త పక్కకు తిరిగి కూర్చున్నాడు. సక్కుబాయి రొట్టె విరిచి పెద్ద ముక్క ఆయన పళ్లెంలో వేసింది. ఆయన పప్పులో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. ఆకలి మీద ఉన్నాం. రొట్టెలు తరుగుతూ పోయాయి.