తట్టి చూడని నేల

ఖాదర్‌వలికి కోపమొస్తే ముందు మీసం వణుకుతుంది, మాట తర్వాత వస్తుంది. ఆ రోజు హిందూపురం బస్టాండులో ధర్మవరం బస్సెక్కినప్పుడు మొదలైన వణుకు పెనుకొండ వచ్చినా తగ్గలేదు. పక్క సీటు పెద్దాయన పెనుకొండలో దిగబోతూ వంగి చూసి, "ఏమప్పా, ఒంట్లో బాగలేదా?" అన్నాడు.

"నేను బాగుండా పెద్దాయనా. లోకమే బాగలేదు."

లోకమంటే అప్పటికి జయచంద్ర. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే ముప్పై ఏళ్ళవాడు. రెండు నెలల కింద ఖాదర్‌వలి దగ్గర హోమ్ థియేటర్ కొన్నాడు. పొద్దున్నే ఫోన్ చేశాడు. సలామ్ లేదు, పలకరింపు లేదు. "భాయ్, నీ స్పీకర్లు ఒకదానికొకటి కలవలేదు. మా అమ్మకు ఒక్క మాటా అర్థం కాలేదు. రేపు చెవి మిషన్ పెట్టించేకి అనంతపురం పోతాండాం. అది పెట్టినా వినపడలేదనుకో, నీ సెట్టంతా తెచ్చి నీ అంగడి ముందర పారేస్తా."

స్పీకర్లు కలవలేదంట! ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వాడి సంబడం. ముప్పై ఏళ్ళుగా ఖాదర్‌వలి చేసేదే ఆ పని. మొదట్లో పెళ్ళిళ్ళకు మైకు సెట్లు కట్టేవాడు, ఇప్పుడు ఇళ్ళలో హోమ్ థియేటర్లు బిగిస్తాడు. కొత్త స్పీకరు పెట్టె చేతికొస్తే ముందు వేలి కణుపుతో నాలుగు పక్కలా తట్టి చూస్తాడు. టక్కున గట్టిగా మోగితే లోపలికి తీసుకుంటాడు, డొబ్బున మోగితే వచ్చిన ఆటోలోనే తిప్పి పంపుతాడు. తట్టకుండా కొన్నవాడు దుడ్లు ఏట్లో పోసుకున్నట్టే అంటాడు. వచ్చే జనం మాత్రం రంగు చూస్తారు, లైట్లు చూస్తారు, వాట్లు అడుగుతారు. చెవులతో కొనాల్సిన వస్తువును కళ్ళతో కొనేవాళ్ళను చూస్తే అతనికి ఒళ్ళు మండుతుంది.

నిజానికి ఈ సెట్టు ఎంచింది జయచంద్ర కాదు, వాళ్ళమ్మ గంగక్క. ముప్పై అయిదేళ్ళు గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసిన మనిషి. షుగరు కళ్ళ మీద పడి, రెండేళ్ళుగా వెలుగూ నీడా తప్ప ఏమీ కనపడదు. మగ్గం ఆగిపోయింది. ఆ మగ్గం గదినే సినిమా గది చేస్తానని కొడుకు అంటే ఆమె కాదనలేదు. "మాటలు బాగా వినపడేటట్టు చేయించు, చాలు. బొమ్మ నేను తలకాయలో వేసుకుంటా" అని వాడి వెంట హిందూపురం వచ్చింది.

అంగడిలో జయచంద్ర చూపంతా సన్నగా, నల్లగా నిగనిగలాడే ఒక సెంటర్ స్పీకరు మీదే. టీవీ కింద టేకు బల్ల మీద అందంగా ఉంటుందట. అటూ ఇటూ పెట్టేవి ఒక కంపెనీవి, మధ్యలో పెట్టేది ఇంకో కంపెనీది.

"సినిమాలో మాటలన్నీ చానామటుకు మధ్య స్పీకర్లోంచే వస్తాయబ్బా" అన్నాడు ఖాదర్‌వలి ఓపిక తెచ్చుకుని. "ముందరి మూడూ ఒక్క గొంతు మీద ఉండాల. లేకుంటే మనిషి ఎడమ నుంచి కుడికి నడిస్తే దోవలో గొంతు మారిపోతుంది."

"అదంతా ఎవరికి తెలుస్తుంది భాయ్?"

ఖాదర్‌వలి మీసం వణికింది. వాడికి బదులు చెప్పకుండా గంగక్కను కుర్చీలో కూర్చోబెట్టి, ఒకామె వార్తలు చదివే రికార్డింగు పెట్టి, మూడు స్పీకర్లలోకీ ఒకదాని తర్వాత ఒకటి మార్చాడు. గంగక్క తల పక్కకు వంచి వింది. "మధ్యలో మాట్లాడింది వేరే మనిషి" అంది. ఈసారి ఒకే కంపెనీవి, ఒకే రకానివి మూడూ పెట్టాడు. "ఇప్పుడు ఒక్కామే నడుస్తాంది" అని నవ్వింది. "మా పనిలోనూ ఇంతేనప్పా. రెండు రంగుతొట్లల్లో అద్దిన పట్టు చేతిలో చూస్తే ఒకటే రంగు. నేసినాక చీరకు అడ్డంగా గీత కనపడుతుంది. ఒక చీరకు ఒక తొట్టి పట్టే తీసుకోవాల."

ఇన్నేళ్ళలో తన పనిని అంత సులువుగా చెప్పినవాళ్ళు ఖాదర్‌వలికి తగల్లేదు. సంతోషంలో నోరు జారి, "అక్కా, నీకు ప్రతి మాటా వినపడేటట్టు చేస్తా. చేయలేకుంటే అంగడి మూసేస్తా" అని మాటిచ్చేశాడు.

గది కొలవడానికి పోయినప్పుడు మగ్గం విప్పేసి ఉంది, నేలలో గుంత మాత్రం మిగిలి ఉంది. నేసే మనిషి కాళ్ళు దించుకుని కూర్చునే గుంత. "దీన్ని మన్ను తోలించి పూడుస్తాం" అన్నాడు జయచంద్ర. గంగక్క గడప దగ్గర్నుంచే గట్టిగా చెప్పింది. "ఎర్రమన్ను పోసి, టెంకాయ కొట్టి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టించి పూడ్చురా. నా కాళ్ళను అన్నేళ్ళు దాచిన గుంత అది. ఖాళీ గుంతను పైపైన మూసి దాని మీద కాపురం చేయకూడదని మా అత్త చెప్పేది." కొడుకు సరేనన్నాడు.

నెలకు ఖాదర్‌వలి సామాను తీసుకుపోయేసరికి గది నిండా మొహం కనపడేంత నున్నటి టైల్సు. ముందర మూడు స్పీకర్లు, వెనక రెండు, ఉరుముల చప్పుడుకు ఒక పెద్ద బేస్ పెట్టె. ఆ బేస్ పెట్టె పాత గుంత ఉన్న చోటే వచ్చింది. పూడ్చిన నేల గట్టిగానే ఉంటుందని ఖాదర్‌వలి అక్కడే పెట్టాడు.

గొడవంతా అప్పుడు మొదలైంది. సినిమాలో ఎక్కడ చిన్న డప్పు మోగినా గదంతా గుమ్ముమని, ఆ గుమ్ము పోయేలోపల నాలుగు మాటలు అందులో మునిగిపోయేవి. జయచంద్రకూ, వాడి స్నేహితులకూ అదే నచ్చింది. "అదిరిపోతాంది భాయ్" అని ఈలలు వేశారు. గంగక్క ఒక్కతే, "ఎవరు ఏమంటాండారో తెలీదు" అనేది. పదిమందికి బాగున్నది ఒకరికి బాగలేదంటే తప్పు ఆ ఒకరిదే కదా! కళ్ళతో పాటు చెవులూ పోయినాయని కొడుకు తేల్చేశాడు.

మూడు వారాల కింద ఖాదర్‌వలి వచ్చి వైర్లు మార్చాడు, బేస్ తగ్గించాడు. తగ్గించిన గంటకే జయచంద్ర పెంచాడు. గుంత బాగా పూడ్చినారా అని అడిగితే, "రెండు ట్రాక్టర్ల మన్ను పోయించినాం" అన్నాడు. మనిషి కాళ్ళు పట్టే గుంతకు రెండు ట్రాక్టర్ల మన్నా అని అప్పుడే అనుమానం రావలసింది. కోపంలో ఉన్న మనిషికి లెక్కలు రావు. వాడు మళ్ళీ మళ్ళీ స్పీకర్లనే తప్పు పట్టేసరికి ఖాదర్‌వలి అరిచాడు. "నా స్పీకర్లకు ఏ రోగమూ లేదు! వినేవాళ్ళ చెవులు చూపించుకోండి. ఇది చెవిటివాని ముందర శంఖం ఊదినట్టుండాది!"

గంగక్క సోఫాలోనే ఉంది. కొంగుతో చెవులు తుడుచుకుని, "కళ్ళైనాయి, ఇంక ఇవా" అని మెల్లగా అంది. ఆ మాట ఖాదర్‌వలికి తిరుగు బస్సులో కూడా వినపడుతూనే ఉంది. ఈ రోజు మీసం వణకడంలో సగం కోపం జయచంద్ర మీదైతే, మిగతా సగం ఎవరి మీదో అతనికి తెలుసు. ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

ధర్మవరంలో దిగి ఇంటికి పోయేసరికి గంగక్క సోఫాలో నిటారుగా కూర్చుని ఉంది. పక్కన ఆస్పత్రి ఫైలు. "వచ్చినావా ఖాదర్‌వలీ" అని మాత్రం అంది.

ఖాదర్‌వలి ఒక్కొక్క పెట్టెనూ దించి, విప్పి చూసి, మళ్ళీ వేలి కణుపుతో తట్టడం మొదలుపెట్టాడు. టక్. టక్. టక్. ఏ పెట్టెకూ లోపం లేదు. జయచంద్ర గోడకానుకుని ఫోన్ చూసుకుంటూ నవ్వాడు.

"ఎన్నిసార్లు తడతావు భాయ్? తట్టాల్సింది మా అమ్మ చెవులను."

ఖాదర్‌వలి చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పడేశాడు. నోరు తెరిచేలోపలే గంగక్క, "నోరు ముయ్యరా" అంది. "ఖాదర్‌వలీ, ఇప్పుడు తట్టినావే, మళ్ళీ ఒకసారి తట్టు."

తట్టాడు.

"పెట్టెలన్నీ గట్టిగా ఉండాయి. నేలను తట్టినావా?"

ఖాదర్‌వలి నేల వైపు చూశాడు. ముప్పై ఏళ్ళలో వేల పెట్టెలు తట్టాడు. ఒక్క ఇంటి నేలను కూడా తట్టలేదు.

గంగక్క లేచింది. గోడ పట్టుకుని గడప దాకా పోయి, అక్కడి నుంచి ఇటు తిరిగి అడుగులు లెక్కపెడుతూ వచ్చింది. పొద్దున లేచి మగ్గం దగ్గరికి పోయే ఆ అడుగులు ఆమెకు కొత్తవా? ఏడో అడుగు దగ్గర బేస్ పెట్టె కాలికి తగిలింది. దాని పక్కనే నిలబడి మడమ ఎత్తి నేల మీద గట్టిగా కొట్టింది.

డొబ్.

రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ కొట్టింది. టక్. వెనక్కి వచ్చి కొట్టింది. డొబ్.

"జయచంద్రా, రెండు ట్రాక్టర్ల మన్ను యాడ పోయిందిరా?"

వాడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అదమ్మా... మన్ను పోస్తే అది దిగేకి నెల పడుతుందన్నాడు మేస్త్రీ. ఫ్రెండ్సంతా వస్తామనిరి. అందుకని బండ పరిచి టైల్సు వేసినాం. బండ గట్టిదేనమ్మా, ఏం కాదు."

"టెంకాయ?"

వాడు తల దించుకున్నాడు.

"పైన పటారం, లోన లొటారం" అంది గంగక్క.

ఖాదర్‌వలికి తల తిరిగినంత కోపం వచ్చింది. కింద ఖాళీ గుంత, పైన బండ, దాని మీద బేస్ పెట్టె! పెట్టె ఉరిమినప్పుడల్లా ఆ గుంతంతా డప్పులా మోగి మాటలన్నిటినీ మింగింది. "థూ!" అన్నాడు. "నువ్వు మనిషివేనా? నీ అబద్ధం దాచుకునేకి కన్నతల్లిని చెవిటిదాన్ని చేస్తావా? రేపు ఆమె చెవిలో మిషన్ పెట్టించేవాడివి కదరా! నేను అడిగితే కూడా..."

"నువ్వు ఆగప్పా" అంది గంగక్క. "నువ్వూ అన్నావు."

ఖాదర్‌వలి ఆమె వైపు తిరిగాడు.

"వీడు చిన్నప్పటి నుంచీ అబద్ధాలే ఆడతాడు. వీడి మాట నేను పట్టించుకోలేదు. నువ్వు నీ అంగడిలో నన్ను కూర్చోబెట్టి మూడు గొంతులు వినిపించినావు. నా చెవులు ఎట్లాంటివో నీకు తెలుసు. తెలిసీ అన్నావు. నువ్వన్నావని నేను నమ్మినా. మూడు వారాలుగా కుక్కర్ కూసినా, అది నిజంగా కూసిందా లేదా అని పక్కింటి రూతమ్మను అడిగి పొయ్యి ఆపుతాండా."

అతని కోపానికి పోయే దోవ లేకుండా పోయింది. ఇన్నాళ్ళకు అది తిరగాల్సిన వైపు, తన మీదికే తిరిగింది. "తప్పయిపోయిందక్కా" అన్నాడు.

"గడ్డపార తీసుకురా" అంది కొడుకుతో.

"అమ్మా, అంత ఖరీదు పెట్టి వేసిన టైల్సు..."

"తెస్తావా, చేతులతో పీకమంటావా?"

తెచ్చాడు. బేస్ పెట్టెను ఖాదర్‌వలే మూలకు జరిపాడు. టైల్సు పగిలాయి, బండ లేచింది. గుంతలోంచి తడిమన్ను వాసన వచ్చింది. గంగక్క అంచున కూర్చుని లోపలికి కాళ్ళు దించింది. మగ్గం తొక్కిన చోట నేల నున్నగా అరిగి ఉందేమో, అరికాళ్ళతో కాసేపు తడుముకుంది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. తర్వాత కాళ్ళు పైకి తీసుకుని, వంటింట్లోంచి టెంకాయ తెప్పించి తన చేత్తోనే కొట్టింది.

"వీధి చివర ఇల్లు కడతాండారు. ఆడ ఎర్రమన్ను కుప్ప ఉండాది. వాళ్ళను అడిగి తేండి. కూలోళ్ళను పిలవొద్దు. ఇద్దరూ మొయ్యండి."

ఖాదర్‌వలికి యాభై ఆరేళ్ళు, నడుమునొప్పి. అయినా నోరెత్తకుండా గంప ఎత్తుకున్నాడు. మధ్యాహ్నపు ఎండలో ఇద్దరూ వీధిలో పోతూ వస్తూ ఉంటే, అంగళ్ళలోని జనం లేచి చూశారు. పట్టుచీరల జయచంద్ర నెత్తిన మన్ను గంపేమిటని ఒకడు నవ్వాడు కూడా.

పది గంపలకోసారి గంగక్క దిమ్మిస వేయించేది. గోడ పట్టుకుని లేచి, మన్ను మీద మడమతో కొట్టి, తల పక్కకు వంచి వినేది. "ఇంకా బోలే" అనేది.

నలభయ్యో గంపకు మన్ను నేలతో సమానమైంది. ఖాదర్‌వలి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. రొప్పుతూ గోడకు చేరగిలబడి, "ఇంక చాలు కదక్కా?" అన్నాడు.

గంగక్క గుంత నాలుగు మూలలా నడిచి కొట్టి చూసింది. మూడు మూలలు గట్టిగా పలికాయి. నాలుగో మూల దగ్గర మళ్ళీ కొట్టింది. ఖాదర్‌వలి చెవి రిక్కించి విన్నాడు. అతనికి ఏ తేడా తెలియలేదు.

"ఎడమ మూలన ఇంకా రవ్వంత బోలుండాది. ఇంకో రెండు గంపలు తేండి" అంది.

ఇద్దరూ గంపలెత్తుకుని మళ్ళీ ఎండలోకి నడిచారు.